గేటు ముందు తెల్ల కారు

మాది గుంటూరు బ్రాడీపేట. పొద్దున ఏడింటికి అమ్మని రక్తపరీక్షకి తీసుకెళ్దామని గేటు తీస్తే, ఎదురుగా అడ్డంగా తెల్ల కారు. అద్దం మీద ఫోన్ నంబరైనా లేదు. ప్లేటు చూస్తే ఏపీ 39. ఇదివరకు 07 అంటే మన జిల్లా బండే అనుకునేవాళ్ళం. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్, ఏ ఊరిదో ఎవరికి తెలుసు! నిలపకూడని చోట పెట్టిన బండిని మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ కింద పోలీసులు లాగించేయొచ్చు. 112కి చేద్దామని ఫోన్ తీశాను. ఈలోగా సందు చివర టిఫిన్ బండి దగ్గర్నుంచి ఒకాయన మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"రెండు నిమిషాలేగా అండీ!"

నేను నోరు తెరిచేలోపే అరుగు మీంచి అమ్మ అంది: "నువ్వు తిన్నావు నాయనా, నేనింకా పరగడుపునే ఉన్నా."