ఇషాపూర్ రైఫిల్ కర్ర బాగుచేసుకున్న నా అనుభవం

చిన్నప్పుడు మా ఊరి పోలీస్ స్టేషన్ ముందు సెంట్రీ భుజాన త్రీ నాట్ త్రీ ఉండేది. దాని తమ్ముడొకటి ఇన్నాళ్లకు డాలస్‌లో నా చేతికొచ్చింది, ఇషాపూర్ 2ఏ1. 1962 చైనా యుద్ధం తర్వాత బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన రకం, చూడ్డానికి అచ్చం పాత లీ ఎన్‌ఫీల్డే, అంటే ఆ త్రీ నాట్ త్రీయే, తూటా మాత్రం 7.62 మిల్లీమీటర్లది. నా దాని మీద 1967 అని ఉంది. కర్ర చూస్తే నల్లగా, పట్టుకుంటే జిడ్డు.

తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, తిన్నగా మడమ, అంటే భుజానికి ఆనించే వెనక కర్ర, లోపలి పొడవాటి బోల్టు విప్పబోయాను. అదృష్టం కొద్దీ అంత పొడుగు స్క్రూడ్రైవర్ ఇంట్లో లేదు. కొనేలోపు చదివితే తెలిసింది: ఆ బోల్టు కొస నలుచదరంగా ఉండి, గొట్టం కింద ఉండే ముందు భాగపు కర్రలోని ఇనుప పలకలో కూర్చుంటుందట, ఆ ముందు భాగపు కర్ర తీయకుండా బోల్టు తిప్పితే ఆ కర్ర చీలిపోతుందట!

ఉప్పు కాగితం పట్టాలని చేతులు దురద పెట్టాయి కానీ పట్టలేదు. ఫ్యాక్టరీ ముద్రలు పోతాయి, పైగా ఇనుముతో సమంగా ఉన్న కర్ర లోపలికి దిగిపోతుంది. మినరల్ స్పిరిట్స్‌లో (పెయింటు పలచన చేసే ద్రావకం) ముంచిన గుడ్డతో ఆరుబయట కూర్చుని తుడిచాను, మూడో సాయంత్రానికి గుడ్డ కాఫీ రంగు నుంచి టీ రంగుకి వచ్చింది.

సొట్టల మీద తడిగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె ఆనిస్తే చుయ్యిమని ఆవిరి లేచి, నలిగిన నార ఉబ్బి పైకొస్తుంది. తెగిన గాట్లు మాత్రం రావు. మా ఆవిడ చూడనే చూసింది.

తర్వాత బాయిల్డ్ అవిసె నూనె. పేరుకే బాయిల్డ్, త్వరగా ఆరడానికి మందులు కలిపిన నూనె అది. ఆత్రం కొద్దీ మందంగా పూశాను, మర్నాటికి పనసకాయ కోసిన చేయిలా జిగట! అంతా తుడిచేసి మళ్లీ మొదలు. నాలుగు చుక్కలు, అరచేయి వేడెక్కేదాకా రుద్దడం, ఇరవై నిమిషాలాగి మిగిలింది తుడిచేయడం, ఒక రోజు ఆరనివ్వడం, ఇలా ఎనిమిది సార్లు. ఆ గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేయకండి, నూనె ఆరుతూ తనంతట తానే వేడెక్కి గుడ్డలకు నిప్పంటుకుంటుంది. నేను పెరట్లో సిమెంటు మీద విడివిడిగా పరిచి ఆరబెట్టాను.

ఇప్పుడు ఏడాదికోసారి రెండు చుక్కలు చాలు. ఇస్త్రీ పెట్టె మాత్రం కొత్తది కొనాల్సి వచ్చింది.