బెల్లం, జున్ను తిండి లెక్కలు: షుగర్ గ్లైడర్లతో నాలుగు నెలలు

అక్టోబరు 5, కె.ఆర్.పురం, బెంగళూరు

బెల్లం అని పేరు పెట్టుకున్న షుగర్ గ్లైడర్ పిల్ల ఇంటికొచ్చి రెండు రోజులు. ఆడది. తల్లి సంచిలోంచి బయటపడి పదకొండు వారాలైందని అమ్మినాయన చెప్పాడు. వంటింటి డిజిటల్ త్రాసు మీద 58 గ్రాములు తూగింది. చూడ్డానికి మన ఉడుతలా ఉంటుంది గానీ ఉడుతకీ దీనికీ చుట్టరికం లేదు. ఇది కంగారూలా పిల్లను పొట్ట సంచిలో పెంచే జాతి. సొంతూరు ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు అడవులు.

చెయ్యి దగ్గరికి పెడితే గరగరమని అరుస్తోంది. పిడికెడు లేని ప్రాణంలోంచి అంత శబ్దం ఎలా వస్తుందో! అది కోపం కాదు, భయం. నేను రెండు రోజులు తొడుక్కున్న బనీను ముక్కొకటి దాని సంచిలో వేశాను, నా వాసన అలవాటవుతుందని. పగలంతా ఆ సంచిని మెడలో వేసుకునే ఆఫీసు పని చేసుకుంటున్నాను. సంచి ఫ్లీస్ గుడ్డతో కుట్టింది. టవల్ లాంటి పోగుల గుడ్డ వద్దు, గోళ్లు ఇరుక్కుంటే వేళ్లే పోతాయి.

పంజరం మూడడుగుల ఎత్తు, కడ్డీల మధ్య సందు అరంగుళం. అంతకన్నా వెడల్పుంటే తల దూర్చేస్తుంది.

అక్టోబరు 19

ఈ రోజు రాయడానికి చెయ్యి ఆడటం లేదు. రాత్రి కొమ్మ ఎక్కుతూ బెల్లం వెనక కాళ్లు రెండుసార్లు జారాయి. మూడోసారి ఎక్కకుండా కింద కూర్చుండిపోయింది. త్రాసు మీద 55 గ్రాములు. పెరిగే వయసులో మూడు గ్రాములు తగ్గడమంటే చిన్న సంగతి కాదు.

పొద్దున్నే మా వీధిలో ఆసుపత్రికి తీసుకెళ్తే కుక్కలూ పిల్లులే చూస్తామన్నారు. ఇలాంటి జంతువుల్ని చూసే డాక్టరమ్మ ఒకావిడ ఊరికి అటు చివర దొరికారు. ఆవిడ దాన్ని పట్టుకోకముందే అడిగిన మాట: "ఏం పెడుతున్నారు?" యాపిల్, అరటిపండు, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు, పొద్దుతిరుగుడు గింజలు. అమ్మినాయన చెప్పిన పట్టీ అదే, పదహారు రోజులుగా నేను వదలకుండా పాటించిందీ అదే.

ఎక్స్‌రేలో ఎముకలు విరగలేదు గానీ పల్చబడటం మొదలైందట. కాల్షియం చుక్కలు రాశారు, ఎక్కనివ్వకుండా పొట్టి డబ్బాలో ఉంచమన్నారు. కారణం ఓపిగ్గా చెప్పారు. తిండిలో ఫాస్ఫరస్ ఎక్కువై కాల్షియం తక్కువైతే, రక్తంలో మట్టం నిలబెట్టడానికి ఒళ్లు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. ముందు వెనక కాళ్లలో పట్టు తప్పుతుంది. అప్పుడూ గమనించకపోతే పడిపోతాయి. కాల్షియం ఫాస్ఫరస్‌కి రెట్టింపు ఉండేలా చూసుకోమన్నారు.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. అరటిపండులో ఫాస్ఫరస్ కాల్షియానికి నాలుగు రెట్లు. యాపిల్, ద్రాక్షల్లో దాదాపు రెట్టింపు. స్వీట్‌కార్న్ సంగతి చెప్పనే అక్కర్లేదు. కాల్షియమే ఎక్కువున్నవి మూడే కనిపించాయి: బొప్పాయి, కమలాపండు, అంజీర్. ఆ పట్టీ ఇచ్చినాయన మీద కోపముంది. కొత్తగా తెచ్చుకునేవాళ్లు దయచేసి జంతువు కన్నా ముందు డాక్టర్ని వెతుక్కోండి.

అక్టోబరు 24

ఇప్పుడు రోజూ పెట్టేది లెడ్‌బీటర్ మిశ్రమం. ఆస్ట్రేలియాలోనే ఉండే లెడ్‌బీటర్ పాసమ్ అనే మరో చిన్న జంతువు పేరు దీనికి. పాళ్లు ఇవీ: గోరువెచ్చని నీళ్లు 150 మి.లీ., తేనె 150 మి.లీ., పెంకు తీసిన ఉడికించిన గుడ్డు ఒకటి, పసిపిల్లల సిరియల్ పొడి 25 గ్రాములు, డాక్టర్ చెప్పిన విటమిన్, ఖనిజాల పొడి ఒక టీస్పూను. ముందు నీళ్లలో తేనె కలిపేయాలి. గుడ్డును కొంచెం ఆ నీళ్లతో మిక్సీలో మెత్తగా తిప్పి, మిగిలిన నీళ్లు, పొడులు వేస్తూ మళ్లీ తిప్పాలి. ఉండ కట్టకూడదు. ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్లో పెడితే రెండు వారాలకు పైగా వస్తుంది. రాత్రి ఎనిమిదిన్నరకు ఒక ముక్క కరిగించి, తూచి 10 గ్రాములు పెడుతున్నాను. పొద్దున్న ఆరింటికి మిగిలింది తీసి పారేస్తాను, తేనె, గుడ్డు కలిసినవి పగటికి పులుస్తాయి.

దాంతో పాటు హాప్‌కామ్స్ పండ్ల కొట్లో కొన్న బొప్పాయి, గోరంత ముక్కలు మూడు. వారానికి మూడు రోజులు మీల్‌వార్మ్ పురుగులు నాలుగేసి. పురుగుల్లో ఫాస్ఫరస్ ఎక్కువ, అందుకని కాల్షియం పొడిలో దొర్లించి పెట్టాలి. వాటిని ప్లాస్టిక్ డబ్బాలో గోధుమపొట్టు పోసి నేనే పెంచుతున్నాను. మా చెల్లి ఆ డబ్బా ఉన్న అర దగ్గరికి రావడం మానేసింది.

ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, టీ కాఫీలు దగ్గరికి కూడా రానివ్వను.

నవంబరు 2

63 గ్రాములు! కాళ్లు జారడం లేదు. డాక్టరమ్మ పంజరంలోకి వదలమన్నారు.

హిందూపురం నుంచి అమ్మ ఫోను. "ఒరే, రాగిజావ పెట్టరా. నిన్ను పెంచింది దాంతోనే." నవ్వి వదిలేయలేదు, నిజంగానే చూశాను. రాగుల్లో కాల్షియం ఫాస్ఫరస్ కంటే ఎక్కువే. డాక్టరమ్మని అడిగితే, ధాన్యంలో కాల్షియమంతా ఒంటికి పట్టదు, వారానికోసారి చెంచాడు జావ పెట్టండి గానీ పొడి మాత్రం ఆపొద్దు అన్నారు. అమ్మకి అదే చెప్పాను, సంతోషించింది.

నవంబరు 9

నాకు ఇన్ని రోజుల్లో బాగా నచ్చిన రాత్రి ఇది. అడవిలో ఇవి పండ్ల కన్నా తుమ్మజాతి చెట్ల బంక, నీలగిరి చెట్ల రసమే ఎక్కువ తింటాయట. కింది పళ్లు ముందుకు సాగి ఉండేది బెరడు గీకడానికే. తుమ్మబంక అంటే మనకు తెలియందా! చిక్కపేటలో మూలికల కొట్లో పావుకిలో కొన్నాను. దంచి, నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మందు కొట్టని జామకొమ్మకి గాట్లు పెట్టి అందులో నింపాను. బెల్లం ఒక గంటంపావు ఆ కొమ్మను వదల్లేదు. గిన్నెలో తిండి పది నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత దానికి పనేముంది? అందుకే పంజరంలో అటూ ఇటూ ఒకేలా తిరిగేది. ఇప్పుడు ఒక రోజు విడిచి ఒక రోజు కొమ్మ మారుస్తున్నాను.

నవంబరు 30

రాత్రి రెండింటికి కుక్కపిల్లలా మొరుగుతోంది, ఆగి ఆగి. ఎవరినో పిలుస్తున్నట్టు. ఇవి గుంపులో బతికేవి. ఒంటరిగా ఉంచితే కొన్ని తమ తోకనీ కాళ్లనీ తామే కొరుక్కుంటాయని డాక్టరమ్మ మొదటిరోజే హెచ్చరించారు. రెండోదాన్ని తెచ్చాను. అదీ ఆడదే, పేరు జున్ను, 71 గ్రాములు. మగదైతే ఆపరేషన్ చేయించాలి, లేకపోతే పదహారు రోజుల్లోనే సంచిలో పిల్లలుంటాయి.

నెల రోజులు వేరే గదిలో, వేరే పంజరంలో. మల పరీక్ష అయ్యాక సంచులు మార్చి మార్చి వేస్తాను, ఒకదాని వాసన ఒకదానికి అలవాటు పడాలి.

డిసెంబరు 21

రాత్రి బయట 15 డిగ్రీలు. పొద్దున్నే సంచి తీస్తే జున్ను చల్లగా, మెత్తగా, కదలకుండా ఉంది. నా గుండె ఆగినంత పనైంది. చలికి ఒళ్లు తనను తాను ఆపుకునే స్థితి అది. చొక్కాలో ఛాతీకి ఆనించుకుని కూర్చుంటే ముప్పావుగంటకి మీసాలు కదిలాయి. పూర్తిగా లేచాకే తేనెనీళ్లు ఇచ్చాను. ముందే నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇకనుంచి వెలుతురు రాని సిరామిక్ హీటర్ బల్బు, పంజరానికి బయట, ఒక్క వైపే. గది 24 డిగ్రీలకు తగ్గనివ్వను.

జనవరి 4

రెండింటినీ ఎవరిదీ కాని చోట, కడిగిన బాత్రూములో కలిపాను. కమోడ్ మూత వేసి, బకెట్లు బోర్లించి, ముందుగా తలుపు కింది సందు గుడ్డతో మూసి. మొదట గరగర, తర్వాత మూతులు వాసన చూసుకోవడం, నలభై నిమిషాలకు ఇద్దరూ నా చొక్కా జేబులో. హాల్లో వదిలేటప్పుడు ఫ్యాన్ స్విచ్ మీద టేపు అంటించేస్తున్నాం, కర్టెన్ మీంచి దూకితే ఫ్యాన్ రెక్కల దాకా గాల్లో తేలుతూ పోతాయి.

జనవరి 31

బెల్లం 92, జున్ను 97. ఈ రాత్రి కొమ్మకి రెండు చోట్ల బంక నింపాను, ఒక్కచోటే ఉంటే జున్ను పక్కకు తోసేస్తోంది. బెల్లం పైగాటు పట్టుకుంది, వెనక కాళ్లు రెండూ గట్టిగా ఆనించి.