ఆర్గానిక్ జెలటిన్: బెంగళూరులో ఏది కొనాలి, ఏది ఇంట్లో వండుకోవాలి

జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల్లోని కొలాజెన్ అనే ప్రొటీన్‌ నుంచి తీసే, జెల్లీలా పేరుకునే పదార్థం. ఆర్గానిక్ జెలటిన్ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే కనబడే డబ్బాల్లో చాలావాటి మీద ఉండేది ‘గ్రాస్ ఫెడ్’ అన్న మాటే. ఆ మాట మేత గురించి మాత్రమే చెబుతుంది. ఆర్గానిక్ అనాలంటే మేత, మందులు, పెంపకం, చివరికి ఫ్యాక్టరీ దాకా ప్రతిదానికీ ధ్రువీకరణ ఉండాలి. అలాంటి జెలటిన్ ఎక్కడైనా అరుదే. ఆర్గానిక్ జెలటిన్ దొరకని పక్షంలో మామూలుది వాడుకోవచ్చని అమెరికా ఆర్గానిక్ నిబంధనల్లోనే మినహాయింపు రాసి పెట్టారు.

మన దగ్గర 2017 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రతా సంస్థ) నిబంధనల ప్రకారం, ప్యాకెట్ మీద ఆర్గానిక్ అని రాసి అమ్మాలంటే ఎన్‌పీఓపీ లేదా పీజీఎస్-ఇండియా అనే ప్రభుత్వ ఆర్గానిక్ పథకాల ధ్రువీకరణ ఉండాలి. ప్యాకెట్ మీద ఆ ధ్రువీకరణ గుర్తు కోసం చూడండి. అది లేకుండా ఆకు బొమ్మ, ఆకుపచ్చ అక్షరాలు మాత్రమే ఉంటే అదనపు డబ్బు పెట్టకండి. పదార్థాల జాబితాలో ‘జెలటిన్ - యానిమల్ ఆరిజిన్’ అని ఉంటుంది కానీ, ఏ జంతువో చెప్పాలన్న పట్టింపు కంపెనీలకు తక్కువ. పంది చర్మం నుంచి తీసేది సాధారణంగా ఆమ్లంతో చేసే టైప్ ఎ. పశువుల ఎముకల నుంచి తీసేది ఎక్కువగా వారాల తరబడి సున్నపు నీళ్లలో నానబెట్టి చేసే టైప్ బి. కొన్నిటికి చేప చర్మం కూడా వాడతారు. పట్టింపు ఉన్నవాళ్లు కొనేముందే అడిగి తెలుసుకోవాలి. ‘వెజ్ జెలటిన్’ అని అమ్మేది జెలటినే కాదు, చాలాసార్లు అది చైనా గ్రాస్ (సముద్రపు నాచు నుంచి తీసే అగర్).

ఇంకో పొరపాటు కొలాజెన్ పెప్టైడ్ డబ్బా కొనడం. అది చల్లటి నీళ్లలోనే కరిగిపోతుంది, ఎంత వేసినా పేరుకోదు. జెల్లీకి కావాలంటే బ్లూమ్ సంఖ్య (ఎంత గట్టిగా పేరుకుంటుందో చెప్పే అంకె) ఉన్నదే తీసుకోండి. ఇంటి వాడకానికి 200 నుంచి 250 సరిపోతుంది.

ఇక లాభాల సంగతి. జెలటిన్‌లోని అమైనో ఆమ్లాల్లో దాదాపు మూడో వంతు గ్లైసీనే. శరీరానికి తప్పనిసరైన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మాత్రం అసలు లేదు, కాబట్టి పప్పు, గుడ్డు మానేసి దీన్ని ప్రొటీన్ లెక్కలో వేసుకోవడం తప్పు. కీళ్లకు, జుట్టుకు అంటూ డబ్బా మీద రాసేదానికి అంత గట్టి ఆధారాలు లేవు. ఎముకల సూప్ తాగితే కాల్షియం వచ్చేస్తుందన్నదీ అంతే, నీళ్లలోకి దిగేది చాలా కొంచెం. నోట్లో పెట్టుకోగానే కరిగే గుణం మాత్రం దీని సొంతం. చైనా గ్రాస్‌కు అది రాదు.

అందుకే మాంసం తినేవాళ్లకు మా సలహా: ధ్రువీకరణ లేని ఖరీదైన పొడికన్నా, బయట మేసిన మేక కాళ్లు మేలు. రసెల్ మార్కెట్‌లోగానీ, మీకు దగ్గర్లోని మటన్ కొట్టులోగానీ ముందురోజు చెప్పి, జుట్టు కాల్చి ఇవ్వమనండి. దీనికి ఆర్గానిక్ కాగితం ఉండదు, కానీ ఎక్కడి మేకల మందో, మేపిందా కట్టేసి పెంచిందా అని అడిగే వీలుంటుంది. కోడి కాళ్లూ బాగా పేరుకుంటాయి. కొనేముందు పాదం అడుగున చూడండి. నల్లటి పుండు మచ్చలుంటే ఆ కోడి తడిసిన పొట్టు మీద, అమ్మోనియాలో పెరిగిందని అర్థం. అలాంటివి వద్దు.

కొలత: 8 మేక కాళ్లు, అంటే సుమారు కిలో, 2 లీటర్ల నీళ్లు. గిట్టల మధ్య మసి, వెంట్రుకలు కత్తితో గీకి, పసుపు రాసి కడగాలి. మునిగేటన్ని నీళ్లలో 5 నిమిషాలు మరిగించి ఆ నీళ్లు పారబోయండి. ఈ పని ఎగ్గొడితే తెట్టు విజిల్‌లోకి ఎక్కుతుంది, వాసనా పోదు. తర్వాత కొత్త నీళ్లతో 5 లీటర్ల కుక్కర్‌లో ఒక విజిల్ రానిచ్చి, సన్నటి సెగ మీద 50 నిమిషాలు. ఓపిక ఉంటే మామూలు గిన్నెలో, అంచున చిన్న బుడగలు మాత్రమే లేచేలా 6 గంటలు ఉంచితే రసం తేటగా వస్తుంది. తెర్లనిస్తే కొవ్వు నీళ్లలో కలిసిపోయి తెల్లగా మబ్బు కడుతుంది. ఉప్పు ఇప్పుడే వేయకండి, రసం ఇగిరేసరికి ఉప్పు కషాయమవుతుంది.

పలుచని నూలు గుడ్డలో వడకట్టి, చల్లారాక ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. పైన పేరుకున్న కొవ్వు పలకలా లేచొస్తుంది, కింద గోధుమరంగు జెల్లీ ఉంటుంది. సరిగా పేరుకోకపోతే రెండు కారణాలు. నీళ్లు ఎక్కువైతే మూత తీసి ఇగరబెడితే చాలు. వేళ్లకు బంకలా అంటుకుంటూ కూడా పేరుకోవడం లేదంటే మాత్రం ఎక్కువసేపు ఉడికి జెలటిన్ ముక్కలైపోయిందని అర్థం. అది ఇక జెల్లీ కాదు, పులుసులో పోసుకోవడమే.

ఈ జెల్లీని ఎండబెట్టి పొడి చేయాలనుకోకండి. 35 డిగ్రీల లోపే కరిగిపోతుంది, ఎండలో పెడితే ఆరేలోపు పులుస్తుంది. మాంసం వాసన పూర్తిగా పోదు కాబట్టి పాయాకు, బిర్యానీ యఖనీకి (మాంసం ఉడికించిన రసం), సూప్‌లకే వాడండి.

పండ్ల జెల్లీకి కొన్న పొడే దారి. అర లీటరు రసానికి 10 గ్రాములు, అచ్చులోంచి తిరగేయాలంటే 13. ముందు 60 మిల్లీలీటర్ల చల్లటి నీళ్ల మీద పొడి చల్లి 10 నిమిషాలు ఉబ్బనివ్వాలి. నేరుగా వేడి నీళ్లలో వేస్తే ఉండలు కట్టి లోపల పొడిగానే ఉండిపోతుంది. ఉబ్బినదాన్ని 60 డిగ్రీల దగ్గర కరిగించి రసంలో కలిపి, ఫ్రిజ్‌లో కనీసం 4 గంటలు ఉంచండి. ఉడికించని అనాస, బొప్పాయి, కివి, అంజూర, అల్లం రసాల్లో ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్‌లుంటాయి. ఆ రసాలను కొన్ని నిమిషాలు మరిగించి చల్లార్చాకే కలపాలి, లేకపోతే మర్నాటికీ నీళ్లలాగే ఉంటుంది.