స్క్రూ వేసేది ఎవరు డాక్టర్ గారూ?

నేను డాక్టర్ని కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, మళ్ళీ ఎవరూ ఎంఆర్ఐ రిపోర్టులు ఫొటో తీసి పంపొద్దు. అమెరికాలో మిడ్‌వెస్ట్‌లో ఒక టీచింగ్ హాస్పిటల్లో న్యూరోమానిటరింగ్ టెక్నాలజిస్ట్‌ని. అంటే వెన్నుపూస ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ థియేటర్లో ఓ మూల కంప్యూటర్ ముందు కూర్చుని, పేషెంట్ కాళ్ళలో చేతుల్లో పెట్టిన సన్న సూదుల నుంచి వచ్చే సిగ్నల్స్ చూస్తూ, నరాలు బాగానే ఉన్నాయా లేదా అని చెప్పే పని. సర్జన్లు లోపల ఏం చేస్తున్నారో నాకు కనపడేది తక్కువే గానీ వినపడేది మాత్రం అంతా వినపడుతుంది. అలా వినీ వినీ నాకు ఒక దాని మీద పిచ్చి ఆసక్తి పట్టుకుంది, ఈ స్పైన్ సర్జన్లు కుర్రాళ్ళకి పని ఎలా నేర్పుతున్నారు అని. అందులోనూ రెసిడెన్సీ ప్రోగ్రామ్ డైరెక్టర్లుగా ఉండే స్పైన్ సర్జన్లు.

మన దగ్గర పీజీ అంటాం కదా, ఎంఎస్ ఆర్థో మూడేళ్ళు, ఇక్కడ దాన్నే రెసిడెన్సీ అంటారు, ఆర్థోకి 5 ఏళ్ళు, న్యూరోసర్జరీకి 7. ఆ తర్వాత స్పైన్ మీద ఫెలోషిప్, మామూలుగా ఇంకో ఏడాది. వెన్నుపూస దగ్గరికొచ్చేసరికి రెండు దారులూ కలుస్తాయి, ఆర్థోవాళ్ళూ చేస్తారు, న్యూరోవాళ్ళూ చేస్తారు, పడుకున్న పేషెంట్‌కి ఏ దారిలో వచ్చినవాళ్ళు చేశారో తేడా తెలియదు. ప్రోగ్రామ్ డైరెక్టర్ అంటే ఆ పిల్లల్ని ఎంచుకునేవాళ్ళలో ముఖ్యులు, రోస్టర్లు, పరీక్షలు, కంప్లైంట్లు, రెసిడెన్సీ ప్రోగ్రామ్‌లకి గుర్తింపునిచ్చే ఏసీజీఎంఈ అనే సంస్థకి ఇవ్వాల్సిన లెక్కలు, అన్నిటికీ జవాబుదారీ. 2013 నుంచి మైల్‌స్టోన్స్ అని ఒకటి వచ్చింది, ఆర్నెల్లకోసారి కమిటీ కూర్చుని ఒక్కో రెసిడెంట్ ఒక్కో విషయంలో ఒకటి నుంచి ఐదు లెవెల్స్‌లో ఎక్కడున్నాడో తేల్చాలి. చివర్లో "ఇక వీళ్ళు ఎవరి పర్యవేక్షణా లేకుండా సొంతంగా ప్రాక్టీస్ చేసుకోగలరు" అని సంతకం పెట్టేది కూడా డైరెక్టరే. నాకైతే ఆ సంతకం తల్చుకుంటేనే భయం.

మా దగ్గర ఆర్థో ప్రోగ్రామ్ డైరెక్టర్ ఒకావిడ, స్పైన్ సర్జన్. స్పైన్‌లో ఆడవాళ్ళే చాలా తక్కువ, అది వేరే పోస్టుకి సరిపోయే గొడవ. ఆవిడ థియేటర్లో అరవదు, పాటలు పెట్టనిస్తుంది, కానీ పూసల్ని బిగించే పెడికిల్ స్క్రూలు మొదలవ్వగానే వాల్యూమ్ తగ్గించమంటుంది. పెడికిల్ అంటే పూస వెనక భాగం నుంచి ముందు భాగానికి కలిపే సన్నటి ఎముక, అందులోంచే స్క్రూ దూరాలి. నడుం దగ్గర కాస్త వెడల్పే, ఛాతీ మధ్య భాగంలో కొందరికి నాలుగైదు మిల్లీమీటర్లే. లోపలి గోడ దాటితే వెన్నుపాము, బయటికి పోతే ఇంకో రకం ప్రమాదం, ఎడమవైపైతే పెద్ద రక్తనాళం అక్కడికి ఎంతో దూరంలో ఉండదు. మా సీమలో బోరు వేసేవాడు కడ్డీ అదిరే తీరుని బట్టి రాయి తగిలిందో మట్టి తగిలిందో చెప్పేసినట్టు, వీళ్ళూ ప్రోబ్ లోపలికి నెట్టేటప్పుడు చేతికి తగిలేదాన్ని బట్టే వెళ్ళాలి. ఇప్పుడు నావిగేషన్, రోబో అన్నీ ఉన్నాయి, అయినా ఆవిడ మాత్రం కొత్త రెసిడెంట్ దగ్గర ముందు చేతినే నమ్మమంటుంది.

కన్నం పడ్డాక చివర గుండ్రంగా ఉండే సన్న కడ్డీ ఒకటి లోపల పెట్టి అడుగు, నాలుగు పక్కలా గోడలు తడమాలి. రెసిడెంట్ తడిమి "బాగానే ఉంది" అంటాడు. ఆవిడ వెంటనే ఊరుకోదు, "ఐదూ చెప్పు" అంటుంది, అతను ఒక్కొక్కటీ చెప్పాలి, అడుగు ఉంది, లోపలి గోడ ఉంది, బయటిది ఉంది, పైన ఉంది, కింద ఉంది. తర్వాత స్క్రూ. నడుం దగ్గర స్క్రూలైతే ఆ తర్వాత నా వంతు, స్క్రూకి కొద్దికొద్దిగా కరెంట్ ఇస్తాం, ఎముక గోడ గట్టిగా ఉంటే కరెంట్ నరందాకా పోదు, 10 మిల్లీ ఆంప్స్ దాటినా కాలి కండరం కదలకపోతే మనసు కుదుటపడుతుంది, ఐదారు దగ్గరే టక్కున కదిలిందంటే ఎక్కడో గోడకి చిల్లు ఉందేమోనని అనుమానం. ఇక్కడే ఆవిడ చేసే పని నాకు భలే ఇష్టం. నన్ను నంబర్ చెప్పనివ్వదు. ముందు రెసిడెంట్‌ని అడుగుతుంది, "ఎంత వస్తుందనుకుంటున్నావ్?" అని. వాడు "20 దాకా" అంటాడు, నేను "ఏడు" అంటాను, థియేటర్లో ఎవరూ ఏమీ మాట్లాడరు. తిట్లేం ఉండవు. స్క్రూ బయటికి తీయించి మళ్ళీ తడమమంటుంది, ఈసారి లోపలి గోడ దగ్గర ఎక్కడ మెత్తగా తగులుతోందో వాడి చేతికే తెలియాలి. తర్వాత తను తీసుకుని దిశ మార్చి వేస్తుంది. ఎప్పుడు చేతికివ్వాలి, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి, నా దృష్టిలో ప్రోగ్రామ్ డైరెక్టర్ పనంతా ఇదే, మిగతాదంతా పేపర్ వర్క్.

మోకాలి మార్పిడిలోనూ తప్పులు జరుగుతాయి గానీ అక్కడ చాలావాటిని అప్పటికప్పుడు దిద్దుకునే వీలుంటుంది, వెన్నుపాము దగ్గర అది తక్కువ. మరి చేయి తిరగని వాళ్ళకి పని అప్పజెప్పడానికి ఇంత ఇరుకైన చోట పనిచేసేవాళ్ళే నేర్పేవాళ్ళు కావడమేంటి అని నాకు మొదట్లో వింతగా ఉండేది. ఇప్పుడు నాకనిపించేది ఏంటంటే ఇరుకే వాళ్ళకి పాఠాన్ని ముక్కలుగా కోయడం నేర్పింది. పెద్ద స్కోలియోసిస్ కేసైతే, అంటే వెన్ను పక్కకి వంకరపోయిన కేసైతే, ఆరేడు గంటలు, గురువూ శిష్యుడూ బల్లకి అటూ ఇటూ ఎదురెదురుగా, ఎక్కడికీ పోయే వీల్లేదు. కండరం విడదీయడం వీడికి, ఎముక పొర తీయడం కొంచెం పై ఏడాది వాడికి, నరం పక్కన ఎముకని కెరిసన్ అనే పరికరంతో కొరికి తీయడం చివరి ఏడాదిలో ఉండే చీఫ్ రెసిడెంట్‌కి, వంకర సరిచేసే ఘట్టం ఆవిడకి. ఎవడికెంత అన్నది రాత్రే నిర్ణయించుకుని వస్తుంది.

ఒకసారి అలాంటి కేసులో స్క్రూలని కలిపే రాడ్ తిప్పి వంపు సరిచేస్తుండగా కాళ్ళ మోటార్ సిగ్నల్స్ పడిపోయాయి. నేను చెప్పగానే పాట ఆగింది. నేనైతే ఆవిడే గబగబా ఆర్డర్లు వేస్తుందనుకున్నా. ఎదురుగా ఉన్న చీఫ్ రెసిడెంట్‌ని చూసి "మొదట ఏంటి?" అంది. ఆ అమ్మాయి తడబడకుండా చెప్పింది, బీపీ పెంచమని అనస్థీషియాకి, మత్తు మందు ఏమన్నా మార్చారా అని, ఎలక్ట్రోడ్లు చూడమని నాకు, ఈలోపు ఇప్పుడు చేసిన కరెక్షన్ వదిలేద్దాం అని. ఆవిడ చేతులు ఆ అమ్మాయి చెప్పేలోపే రాడ్ వదులు చేస్తున్నాయి, అది నేను చూశా. ప్రశ్న ప్రశ్నే, చేయి చేయే. కాసేపటికి సిగ్నల్స్ తిరిగొచ్చాయి, కొంచెం తక్కువ కరెక్షన్‌తో సరిపెట్టి కుట్టేశారు.

ఇక అందరికీ ఉండే అనుమానం. ఒక తెలుగు పెద్దాయన, కొడుకు దగ్గరికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు, నడుం దగ్గర నరం నొక్కుకుపోయి నాలుగడుగులు వేస్తే కాళ్ళు మొద్దుబారిపోయేవి. ఆపరేషన్‌కి ముందు నేను వెళ్ళి నా పనేంటో చెప్పాలి, నా పేరు చూసి "ఏమ్మా, మనోళ్ళేనా" అన్నారు. వైద్యం సంగతులు నేను అనువాదం చేయకూడదు, రూల్, ఐప్యాడ్‌లో ఇంటర్‌ప్రెటర్ ఉంటారు. దాని ద్వారానే మా సర్జన్‌ని అడిగేశారు, "స్క్రూ వేసేది ఎవరు డాక్టర్ గారూ? మీరా, ఈ కుర్రాడా?" అని. కొడుకు సిగ్గుపడిపోయాడు గానీ అడగాల్సిన ప్రశ్నే కదా. 2015లో బోస్టన్ గ్లోబ్ పత్రిక అక్కడి పెద్ద హాస్పిటల్లో ఒకే సర్జన్ ఒకేసారి రెండు గదుల్లో కేసులు నడపడం గురించి పెద్ద కథనం వేసింది, అందులో స్పైన్ కేసులూ ఉన్నాయి, దాని తర్వాత దేశమంతా గొడవై అమెరికన్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అనే సర్జన్ల సంఘం 2016లో కొత్త మార్గదర్శకాలు రాసింది. కీలకమైన భాగాల్లో సీనియర్ సర్జన్ అక్కడే ఉండి తీరాలి, పేషెంట్‌కి ముందే చెప్పాలి. ఆవిడ జవాబు పొడుగేం లేదు. "ఆపరేషన్ నాది. ఇతను నా ఎదురుగా ఉంటాడు, చేయగలడని నాకు తెలిసిన పనే చేస్తాడు, నేను గది దాటను." పెద్దాయన ఆలోచించి "సరే, కానీ రాత్రి నిద్రపోయాడో లేదో కనుక్కోండి" అన్నారు. ఆవిడ నవ్వి అక్కడికక్కడే ఆ కుర్రాణ్ణి అడిగింది.

నిద్ర అంటే ఇక్కడ అదో చరిత్ర. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జయాన్ అనే 18 ఏళ్ళ అమ్మాయి హాస్పిటల్లో చేరిన కొద్ది గంటల్లోనే చనిపోయింది, అలసిపోయిన రెసిడెంట్లే చూశారని వాళ్ళ నాన్న పోరాడాడు, ఆయన జర్నలిస్టు. ముందు ఆ రాష్ట్రంలో నిబంధనలు, 2003 నుంచి దేశమంతటా వారానికి 80 గంటలు మించకూడదు అని, అదీ నాలుగు వారాల సగటు. మొదటి ఏడాది వాళ్ళకి ఏకబిగిన 16 గంటలే అని 2011లో పెట్టి 2017లో తీసేశారు. పాతకాలం సర్జన్లు ఇప్పటికీ గొణుగుతారు, గంటలు తగ్గితే కేసులు తగ్గాయి, కేసులు తగ్గితే చేయి ఎలా తిరుగుతుంది అని. పూర్తిగా కొట్టిపారేయలేం, ఆర్థో రెసిడెంట్‌కి ఏసీజీఎంఈ పెట్టిన కనీస స్పైన్ కేసుల సంఖ్య 15, ఐదేళ్ళ మొత్తానికి! అందుకే ఆ ఫెలోషిప్ ఏడాది.

మా పెద్దమ్మ కొడుకు ఇండియాలో గవర్నమెంట్ కాలేజీలో ఆర్థో పీజీ. 80 గంటల రూల్ చెప్తే పగలబడి నవ్వాడు, "అక్కా, అవి మాకు గురువారానికే అయిపోతాయి" అని. మన దగ్గరా 1992లోనే కేంద్రం రెసిడెన్సీ స్కీమ్ ఇచ్చింది, ఏకధాటిగా 12 గంటలు, వారానికి 48 గంటలు అని రాసుంది. అది ఎక్కడ అమలవుతోందని అడిగితే వాడు మళ్ళీ నవ్వాడు. అయితే కేసులకి మాత్రం కొదవలేదు, ఇక్కడివాళ్ళు మూడో ఏడాదిలో చూసేవి వాడు మొదటి ఏడాదిలోనే చూసేశాడు. స్పైన్ చేయాలని ఉందట, దానికి పీజీ తర్వాత చేసే ఎఫ్ఎన్‌బీ అనే ఫెలోషిప్ రెండేళ్ళు, కోయంబత్తూరు గంగా హాస్పిటల్ మీద కన్ను. అక్కడ ఆర్థో విభాగానికి పెద్ద డాక్టర్ ఎస్. రాజశేఖరన్, ఆయనా స్పైన్ సర్జనే, దేశవిదేశాల నుంచి నేర్చుకోడానికి వస్తారు. హైదరాబాద్‌లోనే ఉండరా అంటుంది పెద్దమ్మ, నిమ్స్ పుట్టిందే నిజాం ఆర్థోపెడిక్ హాస్పిటల్‌గా కదా అని ఆవిడ పాయింట్.

ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు నన్ను అడిగేది వేరు, మావాడికి ఆర్థో సీటు రావాలంటే ఏం చేయాలి. ఇండియాలో ఎంబీబీఎస్ చేసి వచ్చినవాళ్ళకి ఆర్థో దొరకడం చాలా అరుదు, ఇక్కడ చదివినవాళ్ళకే కష్టం. 2022 జనవరి నుంచి స్టెప్ 1 అనే లైసెన్సు పరీక్షకి మార్కులు పోయి పాస్ ఫెయిల్ మాత్రమే మిగిలింది, 2022-23 సీజన్లో ఒక్కొక్కరికి 30 సిగ్నల్స్ ఇచ్చారు, నాకు మీ ప్రోగ్రామే కావాలి అని చెప్పుకోడానికి. అన్నిటికన్నా ముఖ్యం నెల రోజులు వచ్చి పనిచేసే రొటేషన్. ఆ నెల అయ్యాక మా డైరెక్టర్ ఆపరేషన్లో పరికరాలు అందించే స్క్రబ్ టెక్‌ని అడుగుతుంది, కోఆర్డినేటర్‌ని అడుగుతుంది, నన్నూ అడుగుతుంది, ఆ పిల్లాడు ఎలాంటివాడు, ట్రేలు సర్దేటప్పుడు సాయం చేశాడా, నీతో ఎలా మాట్లాడాడు అని. మొన్న ఒక అంకుల్ ఫోన్ చేస్తే ఇదంతా వివరంగా చెప్పా, అప్లికేషన్లు సెప్టెంబర్‌లో, ఈలోపు వేసవి రొటేషన్ ఎక్కడో చూసుకోమనండి, థియేటర్లో అందరితో మనిషిలా ఉండమనండి అని. అంతా విని ఆయన "అదంతా సరేనమ్మా, నువ్వొకసారి ఆవిడ చెవిన వేయరాదూ" అన్నారు.