పన్నెండేళ్ల తర్వాత మళ్లీ ఒక ముఖం

పన్నెండేళ్ల క్రితం పెన్సిల్ పక్కన పెట్టేశాను. మళ్లీ బొమ్మల మీదకు మనసు మళ్లి, మూడు నెలలుగా రాత్రిపూట బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో క్యారెక్టర్ స్కల్ప్టింగ్, అంటే కంప్యూటర్‌లోనే మట్టిబొమ్మలా పాత్రల్ని చెక్కడం, నేర్చుకుంటున్నాను.

కాగితం మీద నీడ వేస్తే ముక్కు వచ్చేసేది. ఇక్కడ అలా కుదరదు. ముందు నుంచి బాగానే ఉన్న ముఖం, పక్కకి తిప్పితే పలకలా చదునుగా కనిపించింది. కళ్లు రెండూ చదునైన పలక మీద అతికించినట్టు పెట్టేశాను. నిజానికి ముఖం ముక్కు దగ్గర నుంచి చెంపల వైపు వంపు తిరిగి వెనక్కి వెళ్తుంది కదా. బొమ్మలో ఒక భాగాన్ని పట్టి జరిపే గ్రాబ్ బ్రష్‌తో కళ్ల బయటి మూలల్ని కాస్త వెనక్కి నెట్టాను. అంతే, బొమ్మ నా వైపు చూసినట్టు అనిపించింది!

ఇంకో పొరపాటు, మొదట్లోనే రీమెష్‌లో (బొమ్మ ఉపరితలాన్ని కొత్తగా అల్లే పనిముట్టు) వోక్సెల్ సైజు, అంటే ఆ అల్లిక గడుల కొలత, బాగా తగ్గించేసి చర్మం ముడతలు చెక్కడం. పాలిగాన్లు, అంటే ఉపరితలంలోని చిన్న చిన్న ముక్కలు, లక్షల్లోకి పోయాక దవడ సరిచేద్దామంటే అంతా గడ్డలు గడ్డలుగా తయారైంది. ఇప్పుడు తల, దవడ, మెడ కుదిరేదాకా ముడతల జోలికి పోవడం లేదు.

పాత చదువు మాత్రం ఎక్కడికీ పోలేదు. కళ్లు తల ఎత్తుకి దాదాపు సగంలో ఉంటాయని, చెవి కనుబొమ్మకీ ముక్కు అడుగుకీ మధ్య కూర్చుంటుందని చెయ్యే గుర్తుచేసింది. ఆ రాత్రి ఎంత సంతోషమేసిందో.

ఈ వారం పెదవులు. పై పెదవి మధ్యలో ఉండే ఆ చిన్న ఉబ్బు ఇంకా రావట్లేదు.