అజేలియా ఆకు తిప్పి చూశారా?

మార్చి ఆఖరుకి అమెరికాలో, జార్జియాలోని మా ఫోర్సైత్ కౌంటీలో ఏ ఇంటి ముందు చూసినా అజేలియా పూల పొదలే. పూలు రాలడం మొదలవగానే నా వాట్సాప్‌కి ఫోటోలు మొదలు. "అక్కా, ఆకులు పాలిపోతున్నాయి, ఏం మందు కొట్టాలి?" మందు సంగతి తర్వాత, ముందు ఆకు తిప్పి ఇంకో ఫోటో పెట్టమంటాను. గుంటూరు దగ్గర మిరప చేలల్లో పెరిగినదాన్ని. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఆ సంగతి తేలకుండా మా నాన్న మందు డబ్బా ముట్టుకునేవారు కాదు.

ఇక్కడ చాలాసార్లు దొరికే దొంగ లేస్ బగ్ అనే చిన్న పురుగు. ఆకు పైన సన్నటి తెల్లచుక్కలు, వెనక తారు చిందినట్టు నల్లటి రెట్ట. రెండూ ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు. జపాన్ నుంచి వచ్చిన పురుగు ఇది. జార్జియా వేడికి ఏడాదిలో నాలుగు తరాలు కూడా పెడుతుంది. గుడ్లు ఆకు లోపలే, నడిమి ఈనె పక్కన చలికాలం గడుపుతాయి. అందుకే వసంతంలో పిల్లలు బయటికి రాగానే పట్టుకోవాలి. ఇన్‌సెక్టిసైడల్ సోప్ (పురుగుల్ని చంపే సబ్బు మందు) గానీ హార్టికల్చరల్ ఆయిల్ (మొక్కలకి కొట్టే నూనె మందు) గానీ ఆకు కిందివైపు బాగా తడిసేలా కొట్టండి, డబ్బా మీద రాసిన వ్యవధి చూసి మళ్ళీ కొట్టండి. పైపైన కొడితే డబ్బు దండగ. మచ్చపడ్డ ఆకులు మళ్ళీ మామూలు రంగుకి రావు, కొత్త చిగురు చూసి మందు పనిచేసిందో లేదో తెలుసుకోవాలి. వేర్లకి పోసే ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు కూడా దొరుకుతుంది కానీ తేనెటీగలు వాలే మొక్కకి అది పోయడం నాకిష్టం లేదు. రోజంతా ఎండ పడే చోట ఈ బెడద ఎక్కువ. పైన్ చెట్ల పలచటి నీడలో ఉన్నవాటికి ఇంత ఉండదు.

ఆకు వెనక శుభ్రంగానే ఉండి, కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే అది ఐరన్ లోపం. అజేలియాకి మట్టి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.5 నుంచి 6 మధ్య ఉండాలి, అది పెరిగితే ఐరన్ అందదు. మన జార్జియా ఎర్రమట్టి సహజంగా ఆమ్ల గుణమే కదా అంటారు. నిజమే, కానీ పొద ఎక్కడుందో చూడండి: ఇంటి కాంక్రీటు పునాది పక్కనా? లాన్‌కి సున్నం చల్లించారా? ఆ రెండూ పీహెచ్ పెంచేస్తాయి. కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసులో (వ్యవసాయ సలహా కేంద్రం) మట్టి ఇస్తే జార్జియా యూనివర్సిటీ ల్యాబ్‌లో పరీక్ష చేసి చెప్తారు. ఆ రిపోర్టు చూశాకే పీహెచ్ తగ్గించే గంధకం వేయండి. చిలేటెడ్ ఐరన్ (మొక్క తేలిగ్గా పీల్చుకునే ఐరన్ మందు) తాత్కాలికం. ఇంక మట్టి పులుపెక్కడానికి వాడేసిన కాఫీ పొడి వేయమనే సలహా గురించి అడక్కండి, డికాషన్ దిగిపోయాక ఆ పిప్పిలో పులుపు పెద్దగా మిగలదు.

వానల తర్వాత ఆకులు లావెక్కి కండపట్టినట్టు ఉబ్బితే కంగారొద్దు, అది లీఫ్ గాల్ అనే ఫంగస్ తెగులు. తెల్లబడకముందే తుంచి కవర్లో కట్టి చెత్తలో పడేయండి, చాలు.

నాకు టెన్షన్ పెట్టేది మాత్రం నేల తడిగా ఉన్నా వాడిపోయే మొక్క. బంకమట్టిలో తవ్విన గుంట తొట్టిలా నీళ్ళు పట్టుకుంటే వేరుకుళ్ళు వస్తుంది. వేర్లు గోధుమ రంగులో మెత్తగా ఊడివస్తుంటే పీకేయడమే. అదే గుంటలో మళ్ళీ అజేలియా పెట్టకండి. వేరే చోట, వేరుముద్ద నేల కంటే కాస్త ఎత్తులో ఉండేలా నాటి, పైన్ స్ట్రా (ఎండిన పైన్ ఆకులు) పరవండి.

అన్నీ బాగుండి పూలే రాకపోతే కత్తెర మీద అనుమానపడాలి. వచ్చే ఏటి మొగ్గలు ఇక్కడి ఎండాకాలంలోనే, జూన్ తర్వాత కడతాయి. మా కాలనీలో లాన్ కోసేవాళ్ళు అక్టోబర్లో పొదల్ని నున్నగా గుండ్రంగా చెక్కి, ఆ మొగ్గలన్నీ బండికెత్తుకుపోతారు. పూలు అయిపోగానే కత్తిరించమని, జూన్ దాటాక ముట్టుకోవద్దని వాళ్ళకి ముందే చెప్పి పెట్టుకోండి.