నెల్లూరు ఇంట్లో ఉప్పునీటి అక్వేరియం: బోరు నీళ్ల నుంచి మిచాంగ్ తుఫాను దాకా నా అనుభవం

మా చిన్నాయనకు మైపాడు వైపు రొయ్యల చెరువులున్నాయి. 2022లో వేదాయపాలెంలోని మా ఇంట్లో పగడాలు, సముద్రపు చేపలు ఉండే పెద్ద తొట్టి పెడతానని చెప్పినప్పుడు ఆయన చేపల సంగతి అడగలేదు. "నీళ్లు యాడనించి తెస్తావు అబ్బయ్యా?" అన్నాడు. ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరకడానికే నాకు మూడు నెలలు పట్టింది.

తొట్టి ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. 12 ఎంఎం గాజు. నిండుగా పోస్తే 560 లీటర్లు, కింద సంప్‌లో (పంపు, ఫిల్టర్లు ఉండే చిన్న తొట్టి) ఇంకో వంద. గాజు, నీళ్లు, రాళ్లు, ఇనుప స్టాండు అన్నీ కలిపితే ముప్పావు టన్ను దాటుతుంది కాబట్టి మేడ మీద పెట్టాలన్న ఆలోచన మొదట్లోనే మానుకుని కింద హాల్లో పెట్టాను.

సముద్రం దగ్గర్లోనే ఉంది కదా అని నవంబర్లో క్యాన్లు వేసుకుని మైపాడు పోయాను. తెచ్చిన నీళ్లు రాత్రంతా కదపకుండా ఉంచితే పొద్దునకి అడుగున వేలు మందం బురద. ఉప్పదనం చూస్తే 26 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 26 పాళ్ల ఉప్పు. పగడాలకు కావాల్సింది 35. ఆ కాలంలో ఈశాన్య రుతుపవనాల వానలు, పెన్నా వరద నీళ్లు అన్నీ ఇక్కడే సముద్రంలో కలుస్తాయి. మన తీరంలో పగడపు దిబ్బలు లేనిది కూడా అందుకే. నదులు తెచ్చే ఒండ్రులో, ఏటా పడిపోయే ఉప్పదనంలో అవి బతకలేవు. మన దేశంలో అవి ఉన్నది మన్నార్ సింధుశాఖ, కచ్, లక్షద్వీప్, అండమాన్ వైపు. కాబట్టి మన సముద్రపు నీళ్లు పనికిరావు, నీళ్లు మనమే తయారు చేసుకోవాలి.

మా బోరు నీళ్ల టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) 900 పైనే. ఇంట్లో తాగే ఆర్వో దాన్ని 40కి తెస్తుంది, మనకది చాలు, తొట్టికి చాలదు. మిగిలిన ఆ 40లో ఉండే సిలికేట్, నైట్రేట్ పాచికి మేత అవుతాయి. ఆర్వో తర్వాత డీఐ రెసిన్ గొట్టం (మిగిలిన లవణాలను పట్టేసేది) పెట్టి సున్నాకు తెచ్చాకే అక్వేరియం ఉప్పు కలిపాను. మొత్తానికి ఇరవై కిలోల పైన పట్టింది. ఇక్కడ ఒక పొరపాటు చేశాను. చిన్నాయన దగ్గరున్న రిఫ్రాక్టోమీటర్ (ఉప్పదనం చూసే పరికరం) తెచ్చుకుని మంచినీళ్లతో సున్నాకు సెట్ చేసి నమ్మేశాను. తర్వాత 35 పీపీటీ ద్రావణంతో సరిచూస్తే రెండు తేడా. చెరువులో రెండు తేడా ఒక లెక్క కాదు, పగడానికి అది పెద్ద తేడా. 35 ద్రావణంతో సెట్ చేయకుండా ఆ రీడింగ్ నమ్మొద్దు.

రాళ్లు కృత్రిమమైనవే తీసుకున్నాను. పగడాల విషయంలో ఒకటి గట్టిగా చెప్పాలి. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కింద ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. ఒక అమ్మకందారు ఫోన్‌లో రంగురంగుల గట్టి పగడాల ఫొటోలు పంపి "ఎవరూ అడగరు సార్" అన్నాడు. వద్దన్నాను. మన సముద్రంలో దిబ్బను పగలగొట్టి తెచ్చిన ముక్కని హాల్లో పెట్టుకుని ముచ్చటపడటం నావల్ల కాదు. లెదర్ కోరల్, మష్రూమ్, జోవాంథిడ్ లాంటి మెత్తని రకాలతోనే నా తొట్టి నిండింది. జోవాంథిడ్లలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయొద్దు, అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో అసలు వేయొద్దు.

చేపలు వేయకముందు ఐదు వారాలు ఖాళీ నీళ్లు తిప్పాను. అమ్మోనియా పెరిగి తగ్గడం, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గడం, ఆ తర్వాత రాళ్ల మీదంతా గోధుమరంగు పాచి. ఇంట్లోవాళ్లకి ఓపిక పోయింది కానీ రాళ్లలో బాక్టీరియా కుదురుకోవడానికి ఆ మాత్రం టైమ్ ఇవ్వక తప్పదు. ఆల్కలినిటీ (నీళ్ల క్షారత) చూపించడానికి ఊళ్లో ఆక్వా ల్యాబ్‌కి సీసాలో నీళ్లు పట్టుకెళ్లాను. వాళ్లు 125 అని రాసిచ్చారు, పుస్తకాల్లో చూస్తే 8 ఉండాలని ఉంది, ఒక రాత్రంతా టెన్షన్. తీరా చూస్తే వాళ్లు రాసింది పీపీఎం, నేను చూసింది డీకేహెచ్, రెండూ ఒకే కొలతకు వేర్వేరు యూనిట్లు. ఒక డీకేహెచ్ అంటే దాదాపు 18 పీపీఎం, అంటే నాది 7. కంగారు పడాల్సిన పనే లేదు. ఆ రోజు ఆత్రంగా ఆల్కలినిటీ పెంచే పొడి పోసేసి ఉంటే ఉన్న పగడాలు పోయేవి. అంకె 7 అయినా 8 అయినా పగడం సర్దుకుంటుంది, రోజుకొక అంకె అయితే తట్టుకోలేదు.

క్లౌన్ చేపలు రెండు వేశాను, తొట్టిలో పుట్టి పెరిగినవి. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు మన దేశంలోనే వీటిని పిల్లలు తీయించే పద్ధతి తెచ్చారు, కాబట్టి సముద్రంలో పట్టిన చేపల కోసం చూడక్కర్లేదు. అక్కడితో ఆగాల్సింది. 2023 ఫిబ్రవరిలో ఒక బ్లూ టాంగ్ చేపను కొని, విడిగా ఉంచి చూడకుండా నేరుగా వేసేశాను. వారానికి దాని ఒంటి మీద ఉప్పురవ్వ చల్లినట్టు మచ్చలు. ఫోన్లో "వైట్ స్పాట్ వచ్చింది చిన్నాయనా" అనగానే అవతల మాట లేదు. చెరువు ఉన్న ఇంట్లో ఆ పేరు ఎలా వినిపిస్తుందో తెలిసి కూడా అలా చెప్పినందుకు బాధపడ్డాను. రొయ్యలకు వచ్చేది వైరస్, చేపలకు వచ్చే ఇది పరాన్నజీవి, పేరొక్కటే కలిసిందని చెప్పాక ఊపిరి పీల్చుకున్నాడు. టాంగ్ చనిపోయింది. క్లౌన్లను వేరే టబ్బులో పెట్టి 30 రోజులు రాగి మందు వేశాను. ఆ మందు పెద్ద తొట్టిలో పోస్తే పగడాలు, నత్తలు చచ్చిపోతాయి. పెద్ద తొట్టిలో 76 రోజులు ఒక్క చేప కూడా లేకుండా ఉంచాను, ఆ పురుగుకు చేప దొరక్కపోతే అదే పోతుంది.

ఎండాకాలం సంగతి నెల్లూరోళ్లకి చెప్పక్కర్లేదు. మేలో నీళ్లు 31 డిగ్రీలు దాటాయి. ఫ్యాన్లు పెడితే రెండు డిగ్రీలు తగ్గింది కానీ రోజుకు ఎనిమిది లీటర్లు ఆవిరై, ఉప్పు మాత్రం అందులోనే మిగిలింది. అందుకే ఆవిరైన చోట ఎప్పుడూ ఉప్పులేని నీళ్లే పోయాలి. చివరికి చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) కొని వరండాలో పెట్టాను, హాల్లో పెడితే దాని వేడి మళ్లీ హాల్లోకే వస్తుంది.

అదే ఏడాది డిసెంబర్ 4 తెల్లవారుజామున మిచాంగ్ వానకు మా వీధిలో కరెంటు పోయింది. తుఫాను 5న బాపట్ల దగ్గర తీరం దాటింది, మాకు కరెంటు వచ్చింది ఆ రాత్రికి. అంటే దాదాపు 40 గంటలు. మొదటి గంటలో నేను చేసిందంతా తప్పే, ఇన్వర్టర్ మీద రిటర్న్ పంపు (సంప్ నీళ్లను పైకి పంపేది), స్కిమ్మర్ (నురగతో మురికి తీసేది) రెండూ నడిపాను. వాటికే బ్యాటరీ దిగిపోయేది. ఇంతలో చిన్నాయన ఫోన్. ఆయన వెనకాల జనరేటర్ మోత, రాత్రంతా ఏరేటర్లు డీజిల్ మీద తిప్పుతున్నాడు.

"చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుండాయా?"

"ఇప్పుడిప్పుడే వస్తున్నాయి."

"మేత ఆపెయ్. నీళ్ల మీద కదలిక ఉండేట్టు చూడు, మిగతాదంతా తర్వాత."

పంపులన్నీ ఆపి, 20 వాట్ల వేవ్‌మేకర్ (తొట్టి నీళ్లను కదిలించే చిన్న ఫ్యాను లాంటిది) ఒక్కటి ఉంచి, దాని మూతి పైకి తిప్పాను, నీటి మీద అలలు లేచేట్టు. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు కూడా బంద్. 150 ఏహెచ్ బ్యాటరీ చివరిదాకా దాన్ని లాక్కొచ్చింది. టార్చి పక్కకు పట్టుకుని గంటగంటకీ క్లౌన్ల మొప్పలు ఎంత వేగంగా ఆడుతున్నాయో లెక్కపెట్టాను. అర్ధరాత్రి దాటాక అవి నెమ్మదించి, రెండూ లెదర్ కోరల్ మడతల్లోకి దూరి పడుకున్నాయి.

కరెంటు రాగానే పంపు వేయలేదు. సంప్‌లో రెండు రోజులు కదలకుండా ఉన్న నీళ్లు వాసన కొడుతున్నాయి, వాటిని 40 లీటర్లు తోడి పారబోసి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు పోశాకే స్విచ్ వేశాను. మర్నాడు ఇంకో 60 లీటర్లు మార్చాను. చేపలు బాగానే ఉన్నాయి. లెదర్ మాత్రం ముడుచుకుపోయి, పైన మైనం పూసినట్టు నిగనిగలాడే పొర కట్టింది. చచ్చిపోతోందేమోనని మా అమ్మ రోజూ వచ్చి చూసి పోయేది. నాలుగు రోజులు ముట్టుకోలేదు, వేవ్‌మేకర్ నీటి ప్రవాహం కొంచెం దాని వైపు తిప్పాను, అంతే. ఐదో రోజు పొద్దున ఆ పొర ఒక మూల నుంచి ఉల్లిపొర లాగా లేచి నీళ్లలో ఊగుతూ ఊడిపోయింది. సాయంత్రానికి కింద నుంచి మీగడ రంగు పాలిప్‌లు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఫొటో తీసి చిన్నాయనకి పంపాను.